కథ మధ్యలో ఆపించి పాట ఎత్తుకోవడం: అక్రాలో నా నాటకం అనుభవం

ఘనాలో అనన్సే (సాలెపురుగు రూపంలో ఉండే జిత్తులమారి) కథ నడుస్తుండగా వింటున్నవాళ్ళలో ఎవరైనా లేచి "ఆగు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను" అని కథ ఆపించొచ్చు. ఆపించి ఊరుకుంటే కుదరదు, పాట ఎత్తుకోవాలి. ఆ పాట అందరూ అందుకుంటారు, డోలు వాళ్ళు కలుస్తారు, ఒకరిద్దరు లేచి ఆడతారు, అదయ్యాక కథ చెప్పేవాళ్ళు ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెడతారు. మధ్యలో వచ్చే ఈ పాటని ఇక్కడ మ్బొగువో అంటారు. అక్రాలో నేను చేరిన నాటకం గ్రూపులో నాకిచ్చిన పని అదే. పాత్ర కాదు, డైలాగులు లేవు, జనంలో కూర్చుని సరైన చోట కథ ఆపించి పాట ఎత్తుకోవాలి. వినడానికి సులువుగా ఉంది కదా, నాకైతే ఇంతకన్నా టెన్షన్ పెట్టిన పని ఈ మధ్య కాలంలో ఇంకొకటి లేదు.

మా ఆయన ఉద్యోగం టెమాలో, మేముండేది అక్రాలో. నేనొక గోడౌన్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఆఫీసులో నా పక్క సీటావిడ మడినాలో ఒక స్కూల్ ఆవరణలో సాయంత్రాలు నాటకం వేస్తారని, పాడగలిగేవాళ్ళు కావాలని చెప్పి తీసుకెళ్ళింది. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, టీచర్లు, నర్సులు, ఒక ట్రోట్రో డ్రైవరు (ట్రోట్రో అంటే ఇక్కడి షేరింగ్ వ్యాను), యూనివర్సిటీలో థియేటర్ చదువుతున్న కుర్రాళ్ళు కొందరు. దర్శకురాలు పెద్దావిడ, అందరూ ఆంటీ అనే పిలుస్తారు. నాకు చ్వీ భాష సంతలో బేరమాడేంత వచ్చు, అంతే. ఆ మాటే ఆంటీతో అన్నాను. "పాట పట్టుకోవడానికి చెవులు చాలమ్మా, భాష వెనకాల వస్తుంది" అంది.

కొంచెం వెనక సంగతి చెప్పాలి, లేకపోతే మేం చేసింది ఎందుకలా చేశామో అర్థం కాదు. అనన్సే అంటే సాలెపురుగు, ఒక్కోసారి మనిషి, ఎప్పుడూ జిత్తులమారి. అకాన్ వాళ్ళ (అషాంతి, ఫాంతీ వాళ్ళంతా ఈ జాతివాళ్ళే) కథలన్నీ ఆయన పేరు మీదే చలామణీ అవుతాయి. ఈ కథలు రాత్రి పూట ఊరి మధ్య చెప్పుకునేవాళ్ళు. రాట్రే అనే ఇంగ్లీషు పరిశోధకుడు సేకరించి 1930లో అచ్చువేసిన అషాంతి కథల పుస్తకంలోనే ఉంది, కథకి కథకి మధ్య మనుషులు లేచి పాత్రల్లా నటించి నవ్వించేవాళ్ళని. అంటే నాటకం అందులో ముందునుంచీ ఉంది, బయట నుంచి తెచ్చి అతికించింది కాదు. ఘనా నాటక రచయిత్రి ఎఫువా సదర్లాండ్ పట్టుకున్నది ఈ సంగతినే. ఆవిడ 1924లో కేప్ కోస్ట్‌లో పుట్టింది, ఇంగ్లండ్‌లో చదువుకుని వచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1961లో, అక్రాలో ఘనా డ్రామా స్టూడియో తెరిచింది. పైకప్పు లేని ఆవరణ, చుట్టూ జనం, ఊళ్ళో కథ చెప్పే చోటు ఎలా ఉంటుందో దాన్ని దగ్గర పెట్టుకుని కట్టించింది. ఎకుంఫి అత్వియా అనే ఊళ్ళో కథల ఇల్లు అని ఒకటి ఆ ఊరివాళ్ళతో కలిసి కట్టించింది, ఆ ఊరి పెద్ద అప్పట్లో ఒక స్త్రీ. ఊళ్ళో కథ చెప్పే తీరుని స్టేజి మీదికి తెచ్చిన ఈ పద్ధతికి ఆవిడ పెట్టిన పేరు అనన్సెగొరో. 1975లో అచ్చయిన ఆవిడ నాటకం ఒకటుంది, అందులో అనన్సే తన కూతుర్ని ఒకేసారి నలుగురు నాయకులకి ఇస్తానని ఆశపెట్టి కానుకలు రాబడతాడు, చివరికి కూతురు చచ్చిపోయిందని నాటకమాడి ఎవరి ప్రేమ ఎంతో తూస్తాడు. ఇక్కడ స్కూలు పిల్లలకి కూడా తెలిసిన నాటకం అది. డ్రామా స్టూడియో ఉన్న స్థలంలో తర్వాత చైనా సాయంతో నేషనల్ థియేటర్ లేచింది, 1992లో తెరిచారు. పాత స్టూడియో నమూనాని లెగాన్‌లో యూనివర్సిటీలో మళ్ళీ కట్టారు. ఈ రెండు భవనాల సంగతి ఎత్తితే చాలు, ఆంటీ గొంతు మారిపోతుంది.

మేం తీసుకున్న కథ అందరికీ తెలిసిందే. కథలన్నీ ఆకాశ దేవుడు న్యామే దగ్గర ఉండేవి. అనన్సే వెళ్ళి కొనుక్కుంటానంటాడు. దేవుడు ధర చెబుతాడు: ఒనిని అనే కొండచిలువ, మ్మొబొరో అనే కందిరీగలు, ఒసెబో అనే చిరుత, కంటికి కనపడని అడవి మరుగుజ్జు మ్మోవాతియా, వీళ్ళని పట్టి తెమ్మంటాడు. పెద్ద పెద్ద ఊళ్ళే కొనలేకపోయాయి, నువ్వెంత అంటాడు. అనన్సే పట్టి తెస్తాడు. అప్పట్నుంచీ అవి న్యామే కథలు కావు, అనన్సే కథలు.

మొదట్లో స్క్రిప్టు ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. కథలో ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించారు, మిగతాదంతా నోటితోనే. ఇంకో నియమం కూడా ఉంది, డోలు నేర్పే పెద్దాయన పెట్టింది. అనన్సే కథ పగలు చెప్పకూడదని పాత ఆచారం. ఆదివారం మధ్యాహ్నాలు రిహార్సల్ ఉంటే పాటలు, అడుగులు, డోలు మాత్రమే చేసేవాళ్ళం, కథలో ఒక్క వాక్యం కూడా చెప్పనిచ్చేవాడు కాదు. యూనివర్సిటీ కుర్రాళ్ళు టైము సరిపోదని గొణిగారు. నాకు మాత్రం ఆ నియమం వల్ల చాలా మేలు జరిగింది. పగలంతా పాటలే పాడటం వల్ల అవి కథకి అతికించిన ముక్కల్లా కాకుండా ముందే ఒంటికి పట్టేశాయి, సాయంత్రం చీకటి పడి కథ మొదలయ్యేసరికి ఏ పాట ఎక్కడ నోటికొస్తుందో గొంతుకే తెలిసేది.

ఇక అసలు శిక్షణ. దానికి మా గ్రూపులో పేరేమీ లేదు, నేను ఆపు ప్రాక్టీసు అనుకునేదాన్ని. కథ చెప్పే అతను మధ్యలో నిలబడి చెబుతుంటాడు, చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరైనా, ఏ మాట దగ్గరైనా, ఆపొచ్చు. అతను నోట్లో ఉన్న మాట అక్కడే వదిలేసి, ఆపినవాళ్ళ వైపు తిరిగి, వాళ్ళ పాట వినాలి. ఊరికే వింటే చాలదు, ఆనందించాలి, అది మొహంలో కనపడాలి. పాట ముగించమని డోలు పెద్దాయన ఇనుప గంట మీద వరస మారుస్తాడు, అందరూ దాన్నిబట్టి దిగుతారు, కథకుడు చేతిలో ఉన్న ఆవుతోక కుచ్చు ఎత్తుతాడు, కథ మళ్ళీ మొదలు. ఇక్కడే కష్టం. ఆగే ముందు ఎంత వేడి ఉందో అంత వేడితో మొదలవ్వాలి. పాట పెద్ద ఊపు మీద అయిపోయాక మామూలు గొంతుతో "అప్పుడు అనన్సే" అంటే జనం చల్లబడిపోతారు. మా కథకుడు టీవీ సీరియల్స్‌లో చేసిన మంచి నటుడు, ఆపకుండా అరగంట చెప్పమంటే కళ్ళు తిప్పుకోనివ్వడు, ఆపితే మాత్రం మొదట్లో ముక్కలైపోయేవాడు. ఆంటీ అతనికి చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "వాళ్ళు ఆపింది నిన్ను కాదు, నీ కథలోకి వచ్చారు. వచ్చినవాళ్ళకి కుర్చీ వెయ్యి."

నా వైపు కష్టం వేరే. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడకూడదని పెరిగిన దాన్ని, పదిమందిలో లేచి కథ ఆపమనడానికి నోరు పెగిలేది కాదు. పైగా ఎక్కడ పడితే అక్కడ ఆపితే అది అల్లరి అవుతుంది. ఆపడానికి ఒక కారణం ఉండాలి: కథ బరువెక్కినప్పుడు ఊపిరి తీసుకోవడానికి, జనం చల్లబడితే కదిలించడానికి, పాత్ర చేస్తున్నది తప్పనిపించినప్పుడు ఆ మాట పైకి అనడానికి. కథకుడి మొహం కన్నా జనం కాళ్ళు చూస్తూ ఉండమని డోలు పెద్దాయన చెప్పాడు. కాళ్ళు కదలడం మానేశాయంటే మనసు ఇంటికి వెళ్ళిపోయిందట. ఈ ఒక్క సలహాతో నా పని సగం దారిలో పడింది.

మనకి బుర్రకథ ఉంది కాబట్టి నాకిదంతా కొత్త కాదని మొదట అనుకున్నాను. కథకుడు, పక్కన ఇద్దరు వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం, తందాన తాన. కానీ బుర్రకథలో మధ్యలో అడ్డం పడే హక్కు వంతలది, వాళ్ళు వేదిక మీదవాళ్ళు, కథకుడితో కలిసి సాధన చేసినవాళ్ళు. ఇక్కడ ఆ హక్కు ఎదురుగా కూర్చున్న ఎవరికైనా ఉంది. దాంతో కథ కట్టే తీరే మారిపోతుంది. ఎవరు ఎక్కడ వస్తారో తెలియదు కాబట్టి, వచ్చినా విరగని విధంగా కట్టాలి. ప్రతి ఘట్టంలో ఖాళీలు వదలాలి. నాలాంటివాళ్ళం జనంలో నలుగురైదుగురం ఉన్నది కూడా మా పాటలు పాడటానికి మాత్రమే కాదు, ఆపొచ్చు అని మిగతావాళ్ళకి చూపించడానికి.

కందిరీగల ఘట్టం ఎలా తయారైందో చెబుతాను, పద్ధతంతా అందులోనే ఉంది. కథలో అనన్సే ఒక సొరబుర్ర నిండా నీళ్ళు తీసుకెళ్ళి సగం కందిరీగల మీద, సగం తన మీద పోసుకుని, తల మీద అరటాకు పెట్టుకుని, వాన పడుతోంది, తడిసిపోతారు, ఈ బుర్రలోకి రండి అంటాడు. అవి దూరగానే మూత పెట్టేస్తాడు. మామూలు నాటకంలో అయితే నీళ్ళు, బుర్ర తెర వెనక ఉంటాయి. ఇక్కడ సామాన్ల మనిషి స్టేజి మీదే ఉంటాడు, అందరికీ కనపడుతూ, ఎవరికేం కావాలో నడిచి వచ్చి చేతికిస్తాడు. సదర్లాండ్ నాటకంలో కూడా ఈ మనిషి ఉంటాడు. మా గ్రూపులో ట్రోట్రో డ్రైవరుది ఆ వేషం. అతను అనన్సే చేతికి బుర్ర ఇచ్చి, వెళ్ళిపోకుండా నిలబడి, "ఖాళీ బుర్ర వెనక్కి ఇస్తావా?" అని అడిగేవాడు. అది రిహార్సల్లో ఒకరోజు అతనికే తోచిన మాట, ఉంచేశారు. కందిరీగలు ఎలా చూపించాలన్నది పెద్ద చర్చ అయింది. ఒకరు ప్రొజెక్టర్ పెడదామన్నారు, ఒకరు ప్లాస్టిక్ పురుగులు కట్టిన గొడుగు అన్నారు. చివరికి మోడర్న్ డాన్స్ నేర్చుకున్న ఇద్దరమ్మాయిలు వేళ్ళతో, మెడతో మొదలుపెట్టి ఒళ్ళంతా వణికించుకుంటూ గుంపుగా ఒకే ముద్దలా కదిలే అడుగు ఒకటి కట్టారు, దానికి పెద్దాయన డొన్నో మీద (చంకలో పెట్టి నొక్కుతూ వాయించే డమరుకం లాంటి డోలు) జుమ్మనే వరస వేశాడు. వాళ్ళు బుర్ర దగ్గరికి వచ్చి ఒక్కొక్కరే చిన్నగా ముడుచుకుని సామాన్ల మనిషి పట్టుకున్న గుడ్డ కిందికి దూరిపోతుంటే, చూస్తున్న మాకే ఒళ్ళు జలదరించింది. పాత కథ, కొత్త ఒంటి భాష, రెండిటి మధ్యా అతుకు కనపడలేదు. అలా కుదరడానికి కారణం డోలు అని నా నమ్మకం. ఆ అమ్మాయిలు రికార్డు చేసిన సంగీతానికి అదే అడుగు వేసి చూశారు ఒకసారి, బాగానే ఉంది, కానీ అది డాన్స్ ప్రోగ్రాం అయిపోయింది. పెద్దాయన వాళ్ళ ఊపిరిని చూసి వరస మారుస్తాడు, రికార్డు మార్చదు.

లైట్ల విషయంలో గట్టి వాదనే జరిగింది. లైట్లు చూసే కుర్రాడు జనం ఉన్న వైపు చీకటి చేసి స్టేజి మీద మాత్రమే వెలుగు పెట్టాడు, అతను నేర్చుకున్నది అదే. చీకట్లో కూర్చున్నవాళ్ళు లేచి పాడరు, చూస్తూ ఊరుకుంటారు. ఆంటీ జనం మీద కూడా వెలుగు కావాలంది. అప్పుడు చిరుత గోతిలో పడే ఘట్టం తేలిపోతుందని అతని బాధ, అదీ నిజమే. చివరికి జనం మీద పచ్చని మెత్తని వెలుగు మొదటినుంచి చివరిదాకా ఉంచి, చిరుత దగ్గర స్టేజి వెలుగు తగ్గించారు, జనం వైపు ముట్టుకోలేదు. చిత్రంగా, ఆ గోతి ఘట్టంలో భయపడుతున్న పిల్లల మొహాలే మిగతా జనానికి సీన్ అయిపోయాయి.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది ఆసో సంగతి. ఆసో అనన్సే భార్య. పాత కథలో చాలా ఉపాయాలు ఆమెవే. కొండచిలువని పట్టాలంటే తాటిమట్ట, తీగ తెచ్చి, ఈ మట్ట పొడవా కొండచిలువ పొడవా అని మనిద్దరం వాదులాడుకుంటూ వెళదాం అంటుంది, పాపం కొండచిలువ కొలతకి పడుకుంటుంది, కట్టేస్తారు. కందిరీగలకి సొరబుర్ర, చిరుతకి గొయ్యి, దారి చూపించేది ఆమే. పేరు మాత్రం అనన్సేది. ఆసో వేషం వేసిన నర్సమ్మాయి రిహార్సల్లో ఒకరోజు కథ ఆపించి, "కథలన్నీ అనన్సేవి ఎలా అయ్యాయి? నేనెక్కడున్నాను?" అని అడిగింది. అది పాత్రగా అడిగిందో తనుగా అడిగిందో మాకెవరికీ తెలియలేదు. కుర్రాళ్ళలో ఒకరు కథ ముగింపు మార్చేద్దాం, కథలకి ఆసో పేరు పెడదాం అన్నారు. ఆంటీ ఒప్పుకోలేదు. నాకూ వద్దనిపించింది. ముగింపు మార్చి చేతిలో పెడితే జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు, అన్యాయం అలాగే కనపడుతూ ఉంటేనే ఎవరో ఒకరు లేస్తారు. కథని ముట్టుకోకుండా, కథలు ఇకమీదట అనన్సేవని న్యామే ప్రకటించే చోట ఒక పెద్ద ఖాళీ వదిలారు. డోలు ఆగిపోతుంది, ఆసో కదలకుండా జనం వైపు చూస్తుంది, కథకుడు కుచ్చు దించేస్తాడు. అక్కడ మా పాటగాళ్ళెవరూ పాడకూడదని ఆంటీ ఆర్డరు. ఎవరూ లేవకపోతే? కాసేపు చూసి కథ ముందుకెళ్ళిపోతుంది, అంతే.

ప్రదర్శన రాత్రి స్కూల్ ఆవరణ నిండిపోయింది, వెనక గోడ మీద కూడా కూర్చున్నారు. బయట కెలెవెలె వేయించే బండి వాసన లోపలిదాకా వస్తోంది (అల్లం, మిరపకాయ పట్టించి వేయించిన పండు అరటి ముక్కలు, మన వాళ్ళందరికీ నచ్చుతుంది). ఫాంతీ ప్రాంతం నుంచి వచ్చిన కథకుడు అక్కడి తీరులోనే మొదలుపెట్టాడు, కథలు నమ్మడానికి కాదు అని అతనంటే, దాచుకోవడానికి అని జనం జవాబు. మొదటి పాట నాదే, కొండచిలువ కొలతకి పడుకునే ముందు. లేచాను. పట్టుచీర కట్టుకున్న మనిషి లేచి చ్వీలో కథ ఆగమనేసరికి ముందు నవ్వులు, తర్వాత ఒక కేక, రెండో చరణానికి ఆవరణంతా పాట. మా అమ్మాయి ముందు వరసలో కూర్చుని నాకన్నా గట్టిగా పాడింది, రిహార్సళ్ళకి నాతో వచ్చి వచ్చి నాకన్నా ముందే నేర్చేసుకుంది. ఆ తర్వాత మాకు పెద్ద పని లేకపోయింది. చిరుత దగ్గర ఒక ముసలాయన లేచి, ఆ రోజు నేనూ ఉన్నాను, ఆ గొయ్యి మా వీధి రోడ్డు మీదే ఉంది, ఇప్పటికీ పూడ్చలేదు అన్నాడు, జనం విరగబడి నవ్వారు. కథ ముసుగులో పెద్దలని అనే వీలు ఈ కథలకి ఎప్పట్నుంచో ఉంది, ఆయనకి ఎవరూ నేర్పలేదు. మా కథకుడు ఆయన పాట అయ్యేదాకా ఆగి, ఆ గోతినే చూపిస్తూ చిరుతని అందులో పడేశాడు. టీవీ నటుడు అక్కడ కథకుడైపోయాడు.

ఆసో ఖాళీ వచ్చింది. డోలు ఆగింది. నేను నా చీర కొంగు నలుపుతూ కూర్చున్నాను. చాలాసేపు అనిపించింది. కుడివైపు నుంచి సంతలో కూరగాయలమ్మే ఆవిడలా నడుముకి గుడ్డ బిగించుకున్న ఒకావిడ లేచి, కథ ఆగమనకుండానే, ఎందుకంటే అప్పటికే ఆగి ఉంది కదా, నేరుగా పాట ఎత్తుకుంది. మా పాటల్లో ఒకటి కాదు, నేనెప్పుడూ వినలేదు. చుట్టూ ఆడవాళ్ళకి మాత్రం తెలుసు, అందుకున్నారు. పక్కనున్న మా ఆఫీసావిడ చెవిలో చెప్పింది, భర్త పొలం దున్నితే విత్తనం వేసిందెవరు అనే అర్థం వచ్చే పాటట. ఆసో ఏడవలేదు, ఆడలేదు, నడిచి వచ్చి అనన్సే చేతిలో ఉన్న సొరబుర్ర తీసుకుని సామాన్ల మనిషికి ఇచ్చేసింది. ఖాళీ బుర్ర వెనక్కి వచ్చింది. అది కూడా ముందు అనుకున్నది కాదు.

అనన్సెగొరో పేరుతో ఇక్కడా, విదేశాల్లో ఆఫ్రికన్ నాటకం అంటూ వీడియోల్లోనూ వేరే ప్రదర్శనలు చూశాను. కొన్నిట్లో డోలు, పూసలు, ముఖానికి రంగులు అన్నీ ఉంటాయి, జనం మాత్రం నోరు మూసుకుని చీకట్లో కూర్చుంటారు. అలాంటివాటిలో కథనం అలంకారంగా మిగిలిపోయిందనే నా అభిప్రాయం. ఒక్క డోలు లేకపోయినా సరే, మధ్యలో లేచి ఆపొచ్చనే వీలుంటే నాకది అనన్సెగొరోకి దగ్గరగా ఉన్నట్టు లెక్క.

వచ్చే నాటకానికి పాటల పని మొదలైంది, ఈసారి ఆ కూరగాయలావిడ పాట కూడా నేర్చుకుంటున్నాం, ఆవిడే వచ్చి నేర్పుతోంది. అక్రా, టెమాల్లో ఉండే తెలుగువాళ్ళెవరైనా ఇలాంటి ప్రదర్శనకి వెళితే, పిల్లల్ని తీసుకెళ్ళండి, వెనక కుర్చీల్లో కాకుండా డోలుకి దగ్గరగా కూర్చోండి, మొదటి పాట రాగానే చప్పట్లతో అయినా కలవండి. భాష రాదని మొహమాటపడొద్దు, మీ పక్కన కూర్చున్నవాళ్ళు అర్థం చెబుతారు, అడక్కపోయినా చెబుతారు.